బ్యూటైలమీన్ సీసా

విజయనగరంలో పీహెచ్‌డీకి చేరినప్పుడు ఉషకి సీటు దొరికినంత తేలిగ్గా గది దొరకలేదు. హాస్టల్లో రీసెర్చి వాళ్లకి చోటు లేదన్నారు. పూల్‌బాగ్‌లో శ్యామలాంబగారి మేడమీద గది ఖాళీగా ఉందని కాలేజీ ఆఫీసులో ఎవరో చెప్తే వెళ్లి అడిగింది. శ్యామలాంబ సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాక కింది వాటాలో ఒక్కరే ఉంటూ, సాయంత్రాలు కొందరు పిల్లలకి వీణ నేర్పుతున్నారు.

ఆవిడ ఊరూ పేరూ అడిగారు. చింతపల్లి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె అని, నాన్న నూకయ్య వేటకి వెళ్తాడని, అమ్మ గురమ్మ పూసపాటిరేగ సంతలో చేపలమ్ముతుందని ఉష దాచకుండా చెప్పింది. ఆవిడ కాసేపు ఆలోచించారు.

"ఉండమ్మా, నాకు అభ్యంతరమేం లేదు. మేడమీద నీచు వండకూడదు, తేకూడదు. అదొక్కటే" అన్నారు.

ఉష సరేనంది. ఆ మాట తప్పలేదు కూడా. చేప తినాలనిపిస్తే ఇంటికి వెళ్లినప్పుడే తినేది. ఏడాది అలా సజావుగా గడిచింది. పండగలకి ఆవిడ పులిహోర పైకి పంపేవారు. ఉష ఆవిడకి మందుల దుకాణం నుంచి మాత్రలు తెచ్చిపెట్టేది.

రెండో ఏడు ఉషకి సొంత పని చేతికొచ్చింది. ఆమె గైడు ఉదయభాస్కర్ గారు కెమిస్ట్రీ ప్రొఫెసరు. పని మీద తప్ప మరో మాట మాట్లాడని మనిషి. జిర్కోనియం ఫాస్ఫేట్ అని ఒక తెల్ల పొడి ఉంది. చూడ్డానికి ముగ్గుపిండిలా ఉంటుంది గానీ, లోపల దాని కట్టుబడి అంతా పొరలు పొరలుగా, విస్తళ్ల కట్ట పేర్చినట్టు ఉంటుంది. కొన్ని రకాల సేంద్రియ పదార్థాల్ని ఆ పొడితో కలిపితే వాటి అణువులు పొరల సందుల్లోకి దూరతాయి. పొరలు చెదరవు. ఒకదానికొకటి ఎడం జరిగి లోపలికొచ్చినదానికి చోటిస్తాయి. చేప చెడేటప్పుడు వచ్చే కంపు అమీన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది కాబట్టి, ఆ అమీన్లని ఈ పొడి తన పొరల్లోకి లాక్కుని పట్టుకోగలదా అన్నది సారు ఇచ్చిన ప్రశ్న. పట్టుకుంటే రేపు చేపల పెట్టెల్లో వాడుకోవచ్చు. ముందుగా బ్యూటైలమీన్ అనే దానితో మొదలుపెట్టమన్నారు.

ఈ టాపిక్కు ఉషకైతే అచ్చంగా సరిపోయిందని ల్యాబులో ఒకరిద్దరు నవ్వారు. ఉష నవ్వలేదు, తగువూ పెట్టుకోలేదు. ఆమెకి నిజంగానే ఆ పని నచ్చింది. వేసవిలో మధ్యాహ్నానికల్లా అమ్మ పెట్టెలో సరుకు ఎలా అయిపోతుందో చిన్నప్పట్నుంచీ చూసిన పిల్ల.

కానీ ఆ సీసాతో కష్టం వేరే ఉంది. బ్యూటైలమీన్ మూత తీస్తే చాలు, ముక్కు మండుతుంది. వెనకాలే కుళ్లిన చేపల కంపు కొడుతుంది. గాలి బయటికి లాగే గూట్లో పెట్టి పనిచెయ్యాలి. ఆ గూటి ఫ్యాను పాతది, సగమే లాగేది. ఉష ల్యాబుకోటు అక్కడే వదిలి వచ్చేది, చేతులు వెనిగర్‌తో కడుక్కునేది. అయినా జుట్టులో, చున్నీలో, భుజాన వేసుకునే సంచిలో వాసన పట్టేసింది. ఆటోలో పక్కన కూచున్నవాళ్లు ముఖం అటు తిప్పుకునేవారు. ఇంట్లో శ్యామలాంబగారు మెట్లవైపు కిటికీ మూయడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం ఆవిడ అడిగేశారు. ఎండుచేప గానీ ఏమైనా తెచ్చుకుంటున్నావా అని. కాదు మామ్మగారూ, ల్యాబులో వాడే కెమికల్ వాసన అని ఉష చెప్పింది. ఆవిడ "అలాగా" అన్నారు. ఆ అనడంలోనే నమ్మలేదని ఉషకి తెలిసింది. ఇంకా ఏదో చెప్పబోయి మానేసింది. తను ఏ ఊరి నుంచి వచ్చిందో తెలిసిన మనిషికి ఇంతకన్నా ఎలా చెప్పాలో ఆమెకి తోచలేదు.

ఆ తర్వాతి వారం గురమ్మ కళ్ల పరీక్షకి విజయనగరం వచ్చింది. ఆసుపత్రి పని అయ్యాక కూతుర్ని చూసి వెళ్దామనుకుంది. బ్రాహ్మల ఇంట్లో ఉంటోందని ఆమెకి తెలుసు. అందుకే తెల్లారి లేచి తలంటుకుని, ఎప్పుడో గాని కట్టని మంచి చీర కట్టుకుంది. ఇంట్లో తాజా వంజరం చేపలున్నా ముట్టలేదు. కూతురికోసం మామిడితాండ్ర ఒక్కటే పట్టుకొచ్చింది.

ఉష కాలేజీ నుంచి ముందే వచ్చి పైన ఉంది. ఆమె చున్నీ, సంచీ మెట్ల పిట్టగోడ మీద ఆరబెట్టి ఉన్నాయి. గురమ్మ గేటు తీసుకుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి శ్యామలాంబ అరుగు మీదే ఉన్నారు. వీణ నేర్చుకునే పిల్లలు, వాళ్లని దింపడానికి వచ్చిన తల్లులు కూడా ఉన్నారు. మెట్లమీంచి వాసన గుప్పుమంది. ఉష తల్లినని గురమ్మ చెప్పింది. ఆవిడ ఆమె చేతిలో సంచి చూశారు.

"ఏమ్మా, కూతురికి చేపలు తెచ్చావా? ఆ పిల్ల నాకు మాటిచ్చింది. దయచేసి వెనక్కి పట్టుకెళ్లు" అన్నారు. గొంతు పెంచలేదు గానీ అందరికీ వినపడేలాగే అన్నారు.

గురమ్మ సంచి వెనక్కి పెట్టుకుని, "తప్పయిపోనాదమ్మగారూ. ఇంకెప్పుడూ తేను" అంది.

పైనుంచి ఉష ఆ రెండు మాటలూ విన్నది. గబగబా దిగి వచ్చింది. ఉష నోరు విప్పకముందే గురమ్మే ఆమె చెయ్యి పట్టుకుని మేడమీదికి లాక్కుపోయింది. తలుపు వేశాక ఉష, నువ్వేమీ తేకుండా ఎందుకు ఒప్పుకున్నావని తల్లిని నిలదీసింది.

"ఒప్పుకుంటే ఏటి పోతాది? కాదంటే మాట పెరుగుతాది. నీకు గది ఉండాల" అంది గురమ్మ.

మంచం మీద కూచుని, వస్తూ పిట్టగోడ మీంచి తీసుకున్న చున్నీ వాసన చూసింది. దాన్ని మడతపెట్టి పక్కన ఉంచింది. "ఇది మన సేపల వాసన కాదే. సెడిపోయిందాని వాసన. నాను ఇన్నేళ్లూ ఇలాటి సరుకు ఎవులికీ అమ్మనేదు" అంది. అది పరిశోధన సంగతి అని ఉష చెప్పుకొచ్చింది. గురమ్మ విన్నది. కానీ ఆమె మనసు కింద అరుగు మీదే ఉందని ఉషకి తెలుస్తూనే ఉంది. ఆఖరి బస్సు ఉండగానే ఆమె వెళ్లిపోయింది. మెట్లు దిగేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా దిగింది.

మర్నాడు ఉష ఉదయభాస్కర్ గారి గదికి వెళ్లి టాపిక్కు మార్చుకుంటానని అడిగింది. కారణం మాత్రం వాసన పడటం లేదని చెప్పి ఊరుకుంది. ఆయన కోప్పడతారనుకుంది. ఆయన మాత్రం కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పారు.

వాళ్ల పొడిని ఎక్స్‌రే పరీక్షకి విశాఖ పంపారు. కాలేజీలో ఆ యంత్రం లేదు. పొరల మధ్య ఎంత ఎడం ఉందో ఆ పరీక్షలో తెలుస్తుంది. గ్రాఫులో ఒక శిఖరం వస్తుంది. పొరలు ఎడం జరిగితే ఆ శిఖరం ఎడమ పక్కకి జరగాలి. ముందురోజే వచ్చిన గ్రాఫులో అసలు శిఖరమే లేదు. మామూలు పొడికి ఉండే శిఖరం పోయింది. దానికి బదులు రావాల్సింది రాలేదు. గ్రాఫంతా దాదాపు చదునుగా ఉంది.

అమీన్ ధాటికి పొరలు చెదిరిపోయి ఉంటాయని సారు అన్నారు. "ఇది సాగేలా లేదు ఉషా. నువ్వు అడిగావు, ఇదీ ఇలా వచ్చింది. వదిలేద్దాం. మాంగనీసు ఆక్సైడు పని చూసుకో. దానికి ఏ వాసనా ఉండదు" అన్నారు. ఉన్న సాంపిళ్లు తీసి పారబొయ్యమని కూడా చెప్పారు.

ఉష ఊపిరి పీల్చుకుంటూ ల్యాబుకి వచ్చింది. ఎవరితోనూ పోట్లాడకుండానే బాధ తీరిపోయింది. ఇంక జుట్టు వాసన రాదు, గది ఎక్కడికీ పోదు. గాజు సీసాల్లోని పొడులు ఒక్కొక్కటే తీసి వ్యర్థాల డబ్బాలో వెయ్యబోతూ అలవాటుగా ఒకదాని మూత తీసి దూరం నుంచి చేత్తో గాలి విసురుకుని చూసింది. వాసన లేదు. ఇంకొకటి చూసింది. అదీ అంతే.

బ్యూటైలమీన్‌లో ఒక పగలూ ఒక రాత్రీ నానిన పొడి. కడిగింది, ఆరబెట్టింది. అంతమాత్రాన వాసన ఎటు పోయింది? చున్నీలో దూరిన వాసనే రెండు ఉతుకులకి పోలేదు. ఒక చిటికెడు పొడి పరీక్షనాళికలో వేసి, కాస్టిక్ సోడా నీళ్లు పోసి కొంచెం వేడిచేసింది. గుప్పుమని అదే కంపు కొట్టింది. అంటే అమీన్ ఎక్కడికీ పోలేదు. పొడే దాన్ని పట్టుకుని కూచుంది.

పొరల్లోపల పట్టుకుందో పైపైన అంటుకుందో ఆ ఒక్క పరీక్షతో తేలదని ఆమెకి తెలుసు. గ్రాఫు కాగితం మళ్లీ తీసింది. ఈసారి శిఖరాల్ని కాకుండా, కింద అంకెల్ని చూసింది. గ్రాఫు పది డిగ్రీల కోణం దగ్గర మొదలైంది. పొరలు తను అనుకున్నంత ఎడం జరిగి ఉంటే శిఖరం రావలసిన చోటు అయిదు డిగ్రీల లోపే. యంత్రం అక్కణ్నుంచి చూడనే లేదు. మామూలు పొడులన్నిటికీ పది నుంచి చూస్తే సరిపోతుంది, అలాగే చూసి పంపించారు. ఇది మామూలు పొడి కాదని పంపేటప్పుడు తను రాయలేదు, సారూ చెప్పలేదు.

ఉష ఆ కాగితం పట్టుకుని కిటికీ దగ్గర స్టూలు మీద కూచుంది. ఇది తనొక్కర్తే చూసింది. మాట్లాడకుండా సీసాలు పారబోస్తే అడిగేవాళ్లు లేరు. చెప్తే మాత్రం ఇంకో రెండేళ్లు ఈ సీసాతోనే కాపురం. శ్యామలాంబగారి ఇంట్లో ఉండటం కుదరదు. ఆ ఇంట్లోనే ఉండాలని అమ్మ చెయ్యని తప్పు ఒప్పుకుంది. ఒకసారి లేచి డబ్బా దగ్గరికి వెళ్లింది. మళ్లీ వచ్చి కూచుంది. పొడి తన పని సరిగ్గా చేసుండగా, చెడిపోయిందని రాసి మూసెయ్యడం ఆమెకి మనసొప్పలేదు. మిగిలిన సీసాలకి మూతలు బిగించి పాత చోటే పెట్టింది.

మర్నాడు పొద్దున్నే సారుకి చెప్పింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని గ్రాఫు కింద అంకెలు చూశారు. "నేనూ చూసుకోలేదు" అన్నారు. తర్వాత, మరి వాసన పడదన్నావు కదా అని అడిగారు. దాని సంగతి నేను చూసుకుంటాను సార్ అంది ఉష. సాంపిలు ఈసారి రెండు డిగ్రీల నుంచి చూడాలని స్పష్టంగా రాసి మళ్లీ విశాఖ పంపారు.

ఆ సాయంత్రమే ఉష శ్యామలాంబగారి దగ్గరికి వెళ్లింది. మీరు ఒక్కసారి మా ల్యాబుకి రావాలి అని అడిగింది. ఆవిడ ఎందుకని అడిగితే, నేను చెప్తే మీరు నమ్మలేదు కాబట్టి అంది. ఆవిడ ముఖం కొంచెం ఎర్రబడింది. అయినా కాదనలేదు. మర్నాడు పదకొండింటికి ఇద్దరూ ఆటోలో వెళ్లారు.

ల్యాబులో ఆవిడకి కుర్చీ వేశారు. ఉష గూడు ముందు నిలబడి, ఫ్యాను వేసి, సీసా మూత కొంచెం తీసి వెంటనే పెట్టేసింది. ఆ కొంచానికే వాసన కుర్చీ దాకా వచ్చింది. శ్యామలాంబ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఇదే" అన్నారు. "అచ్చం ఇదే వాసన."

ఉష సీసా లోపల పెట్టి గూటి అద్దం దించింది. ఇది ఏమిటో, ఎందుకు వాడతారో నాలుగు మాటల్లో చెప్పింది. పొడి కూడా చూపించింది. ఆవిడ పొడిని పట్టించుకోలేదు. కాసేపటికి, "ఆ రోజు మీ అమ్మ ఏం తెచ్చింది?" అని అడిగారు.

"మామిడితాండ్ర."

"మరి తప్పయిపోయిందని ఎందుకంది?"

"నాకు గది పోకూడదని."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో శ్యామలాంబ బయటికి చూస్తూ కూచున్నారు. కోట దాటాక ఒకసారి, అంతమందిలో అన్నాను అని మెల్లగా తనలో తాను అనుకున్నట్టు అన్నారు. ఫర్వాలేదు అనాలని ఉషకి నోటిదాకా వచ్చింది. అది తను అనాల్సిన మాట కాదనిపించి ఊరుకుంది.

ఇంటికి వచ్చాక ఆవిడ గురమ్మ ఫోను నంబరు అడిగారు. ఉష తన ఫోను నుంచే కలిపి ఇచ్చింది. అప్పుడు గురమ్మ సంతలో ఉంది. వెనక బేరాల గోల వినపడుతోంది.

"గురమ్మగారా? నేను శ్యామలాంబని, విజయనగరం నుంచి. ఆ రోజు నేను మాట తప్పుగా అన్నాను. మీరు ఏమీ తేలేదు. అందరి ముందూ అలా అనడం నాది తప్పు."

గురమ్మ, "పోన్నెండమ్మగారూ" అంది. "మీరు అరుగు మీద స్తంభం పట్టుకుని నిలబడ్డారు ఆ రోజు. మోకాళ్లు నొప్పులేటి?" అని అడిగింది. శ్యామలాంబ అవునన్నారు. ఆ మోకాళ్ల గురించే ఇద్దరూ కొంతసేపు మాట్లాడుకున్నారు. ఫోను ఉషకి తిరిగి ఇచ్చేటప్పుడు ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

కానీ గది సంగతి దాంతో తేలలేదు. రెండు రోజులు పోయాక ఆవిడే ఎత్తారు. "సంగతి తెలిసింది కదా అని నా ముక్కు మారలేదమ్మా. నువ్వు మెట్లెక్కితే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతోంది. పొమ్మనడానికి నోరు రావడం లేదు" అన్నారు.

ఉషకి కోపం రాలేదు. ఆ వాసన తనకే పడదు. ల్యాబులో మొదటి వారం తనూ అన్నం తినలేకపోయింది. వేరే గది చూసుకుంటున్నానని, మీరు చెప్పకపోయినా వెళ్లేదాన్నేనని చెప్పింది. కాలేజీకి దగ్గరలో అరుణశ్రీ అని బోటనీలో పరిశోధన చేసే అమ్మాయి ఇల్లు తీసుకుని, తోడు కోసం చూస్తోంది. ఉష ఆ నెలాఖరుకి సామాను తీసుకుని అక్కడికి మారింది. వెళ్లేరోజు శ్యామలాంబగారు గేటు దాకా వచ్చారు. అప్పుడప్పుడూ వస్తూ ఉండమన్నారు. ఉష వెళ్తూనే ఉంది, ఆదివారాలు, తల స్నానం చేసి.

విశాఖ నుంచి రెండో గ్రాఫు కొత్త గదికి మారిన వారంలో వచ్చింది. ఉదయభాస్కర్ గారు పిలిస్తే వెళ్లింది. ఎడమ అంచున, అయిదు డిగ్రీలకి కొంచెం లోపు, శిఖరం నిటారుగా ఉంది. పొరలు చెదరలేదు. మునుపటికి రెండింతలు పైగా ఎడం జరిగి, అమీన్‌ని లోపల పెట్టుకుని వరసగా నిలబడ్డాయి. సారు తెర మీద వేలు పెట్టి ఆ చోటు చూపించి, కాఫీ తాగుదాం రమ్మన్నారు. ఆయన అలా ఎవర్నీ పిలవగా ఉష చూడలేదు.

సాయంత్రం తల్లికి ఫోను చేసి చెప్పింది. పొడి వాసనని పట్టుకుందని, పరీక్షలో తేలిందని. గురమ్మకి సంతోషమేసింది. కొంచెం ఆగి అడిగింది.

"ఎండకి ఉంచితే వదిలేత్తాదేటి? మా పెట్టెలు మజ్జేనానికి కాలిపోతాయి."

అది ఇంకా చూడలేదని ఉష ఒప్పుకుంది. వేడి చేస్తే కొంతైనా వదిలే అవకాశం ఉంది. ఎంత వేడికి వదులుతుందో తెలియదు.

"అయితే సూడు మరి" అంది గురమ్మ.

మర్నాడు ఉష ల్యాబులో పొడిని చిన్న చిన్న పళ్లేల్లో పరిచి, ఏప్రిల్ మధ్యాహ్నం చేపల పెట్టె ఎంత వేడెక్కుతుందో అంతకి ఓవెన్ పెట్టి, మొదటి పళ్లెం లోపల ఉంచింది.